దేవుళ్ల బాల్యం మీద వచ్చిన సినిమాల్లో చిన్నపిల్లలతో కలిసి చూడదగినవి ఏవి?

వెన్నెల_వాకిలి
మా అమ్మాయికి ఐదేళ్లు. రాత్రి పడుకునే ముందు వాళ్ల నాయనమ్మ చెప్పే కృష్ణుడి కథలంటే దానికి ప్రాణం. ఆ ఇష్టం చూసే మొన్న సెలవునాడు బాలకృష్ణుడి మీద వచ్చిన ఒక యానిమేషన్ సినిమాను ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. పేరు చెప్పి ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు. సినిమాలో సగానికి పైగా రాక్షసులతో యుద్ధాలే ఉన్నాయి. పూతన కోరలు చూసి పిల్ల మా అత్తగారి కొంగులో తల దాచుకుంది, తృణావర్తుడి సుడిగాలి హోరుకు రెండు చెవులూ మూసుకుంది. వెన్న దొంగతనం, యశోద కోపం, గోపబాలుర ఆటలు అన్నీ కలిపి ఒక్క పాటలో అయిపోయాయి. చివర్లో "ఈ కృష్ణుడు నవ్వడేమిటి నాయనమ్మా?" అని అడిగింది. దేవుడి బాల్యమని పేరు పెట్టి అందులోంచి బాల్యాన్నే తీసేస్తే ఇంక మిగిలేదేమిటన్నది నా బాధ. మీ ఇళ్లలో పిల్లలతో చూసినవి, మధ్యలో రిమోట్ కోసం తడుముకోవలసిన అవసరం రానివి ఉంటే చెప్పండి.

పాత_రీళ్లు
కొత్తవాటిలో వెతకడం మాని వెనక్కి వెళ్లండి. 1975లో వచ్చిన యశోద కృష్ణలో చిన్నారి శ్రీదేవి కృష్ణుడిగా వేసింది, జమున యశోద, ఎస్.వి. రంగారావు కంసుడు. అందులో తల్లీబిడ్డల మధ్య నడిచే సన్నివేశాలే సినిమాను నిలబెట్టాయి. 1967 నాటి భక్త ప్రహ్లాద కూడా చూపించండి. ప్రహ్లాదుడు దేవుడు కాకపోయినా, పసివాడి భక్తి కోసం దేవుడే దిగివచ్చిన కథ కనుక ఇక్కడ చెప్పుకోవచ్చు. ప్రహ్లాదుడిగా వేసిన రోజారమణి ఆ పసి వయసులో పద్యాలకు పెదవులు కలిపిన తీరు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇద్దరి_నాన్న
పాత_రీళ్లు గారి అభిరుచిని గౌరవిస్తాను గానీ, ఐదేళ్ల పిల్లకు భక్త ప్రహ్లాద చూపించమనడం నాకు సరిగా అనిపించలేదు. కన్నతండ్రి కొడుకును ఏనుగులతో తొక్కించబోతాడు, పాములతో కరిపించబోతాడు, కొండ మీది నుంచి తోయిస్తాడు. రాక్షసి కోరలకంటే ఇవి తక్కువ భయమా? మా పెద్దవాడు ఏడేళ్లప్పుడు ఆ సినిమా చూసి, "నాన్నా, నేను చెప్పిన మాట వినకపోతే నువ్వూ అలాగే చేస్తావా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

పాత_రీళ్లు
ఏనుగుల మధ్య కూర్చున్నప్పుడు ప్రహ్లాదుడి ముఖాన భయం ఎక్కడా కనిపించదు, నవ్వుతూ పాడుతూనే ఉంటాడు. పిల్లలు తమ ఈడు బిడ్డ ముఖం చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఆ సినిమా బలం అదే.

ఇద్దరి_నాన్న
కొందరు తెచ్చుకుంటారు, మావాడు తెచ్చుకోలేదు. అందుకే కనీసం ఎనిమిదేళ్లు దాటాక చూపించాలంటున్నాను.

భాగవత_ప్రియ
వెన్నెల_వాకిలి గారి ప్రశ్నలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. రాక్షస సంహారం కథలో లేనిది కాదు, దాన్ని తీసేయమని అడగలేం. పూతన, శకటాసురుడు, తృణావర్తుడు, బకుడు, అఘాసురుడు అందరూ భాగవతం దశమ స్కంధంలో ఉన్నవాళ్లే. అయితే ఆ కథలు అక్కడ ఎలా నడిచాయో చూడాలి. పూతన కోరలతో రాదు. చూసినవాళ్లు లక్ష్మీదేవి వచ్చిందేమో అనుకునేంత అందంగా వస్తుంది, గోపికలు దారి ఇస్తారు. చనిపోయాక కూడా ఆమెకు దక్కింది శిక్ష కాదు. విషం పూసుకుని వచ్చినా పాలివ్వడానికి వచ్చింది కనుక తల్లికి దక్కవలసిన సద్గతి ఇచ్చాడని భాగవతం చెబుతుంది. కాళీయుడి సంగతీ అంతే. కృష్ణుడు అతన్ని చంపలేదు. నాగపత్నులు వేడుకుంటే వదిలిపెట్టి, మడుగు విడిచి రమణక ద్వీపానికి వెళ్లిపొమ్మన్నాడు, గరుత్మంతుడి భయం కూడా లేకుండా చేశాడు. పడగల మీద నాట్యంతో సన్నివేశం ముగించే సినిమాలు ఈ క్షమను వదిలేస్తాయి. పసివాడికి భయం తగ్గించేది ఆ చివరి భాగమే.

రెండో విషయం, ఏ ఘట్టాన్ని ఎంచుకుంటారన్నది. సినిమాలవాళ్లు దాదాపు ముట్టుకోని ఘట్టం ఒకటుంది. గోపబాలురు అడవిలో చల్దులు తినడం, ఆ తరువాత బ్రహ్మ ఆ పిల్లల్నీ దూడల్నీ మాయం చేయడం. పోతన అక్కడ కృష్ణుణ్ని ఎలా కూర్చోబెట్టాడో చూడండి. నడుముకు చుట్టిన బట్టలో వేణువు దోపుకుని, ఎడమచేతిలో మీగడపెరుగు కలిపిన చల్దిముద్ద పట్టుకుని, అడిగి మరీ తెచ్చుకున్న ఊరగాయ ముక్కలు వేళ్ల సందుల్లో ఇరికించుకుని, చుట్టూ చేరిన స్నేహితులను నవ్విస్తూ తింటాడు. తీయదలచుకున్నవాడికి ఆ పద్యమే షాట్‌కు షాట్ రాసిపెట్టి ఉంది. తరువాత బ్రహ్మ దాచేసిన ప్రతి పిల్లవాడిగా, ప్రతి దూడగా తానే మారి ఏడాదిపాటు వాళ్ల ఇళ్లకు వెళ్తాడు. ఆ ఏడాది తల్లులకు తమ పిల్లల మీద, ఆవులకు తమ దూడల మీద ప్రేమ ఎందుకు పొంగిపోతోందో ఎవరికీ అంతుపట్టదు. ఒక్క కత్తి లేకుండా, ఒక్క అరుపు లేకుండా రెండు గంటల సినిమా ఇందులో ఉంది.

మల్లెపందిరి
చల్దిముద్ద పట్టుకున్న కృష్ణుణ్ని తెర మీద ఎవరైనా చూపిస్తే మొదటి టికెట్ నాదే.

చిత్తరువు
నేను యానిమేషన్ పనిలో ఉన్నాను కనుక యుద్ధాలు ఎందుకు పెరుగుతాయో లోపలివాడిగా చెబుతాను. యుద్ధంలో కెమెరా వేగంగా తిరుగుతుంది, దుమ్మూ మెరుపులూ తెరను కప్పేస్తాయి, పాత్ర ముఖం దగ్గరగా కనిపించే సమయం తక్కువ. అక్కడ చిన్నచిన్న లోపాలు కనిపించవు. అదే యశోద కృష్ణుణ్ని రోటికి కట్టే సన్నివేశం తీసుకోండి. తాడు ఎంత ముడివేసినా రెండంగుళాలు తక్కువవుతూనే ఉంటుంది. ఆవిడకు చెమట పడుతుంది, కొప్పులో పూలు జారిపోతాయి, కోపం మెల్లగా ఆశ్చర్యంగా మారుతుంది. ఇటు పిల్లవాడికి అమ్మ అలసట చూసి జాలి పుడుతుంది, అప్పుడు కట్టుబడతాడు. కనుబొమ్మ ఒక్క గీత ఎక్కువ లేచినా ఆ భావం చెడిపోతుంది. ఇంతటి నటన బొమ్మల చేత చేయించాలంటే అనుభవమున్న చేతులు, ఓపిక, గడువు మూడూ కావాలి. గడువు దగ్గరపడే కొద్దీ ముందుగా కోతపడేవి ఇలాంటి సన్నివేశాలే. చేసేవాళ్లకు ప్రేమ లేక కాదు, నిర్మాతకు ట్రైలర్‌లో యుద్ధమే కనిపించాలి.

ఇంకో మాట. చిన్నపిల్లలను భయపెట్టేది చాలాసార్లు బొమ్మ కాదు, శబ్దం. ఇంట్లో చూసేటప్పుడు బేస్, అంటే గుండెల్లో మోగే లోతైన శబ్దం, తగ్గించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

వెన్నెల_వాకిలి
చిత్తరువు గారు చెప్పాక గుర్తొచ్చింది, మా పిల్ల కళ్లు మూసుకోవడం కంటే ముందు చెవులే మూసుకుంది. భాగవత_ప్రియ గారు, కాళీయుణ్ని వదిలిపెట్టాడన్న సంగతి ఈ రాత్రికే చెప్పిస్తాను. ఆ సినిమాలో పాము నీళ్లలో మునిగిపోవడమే చూపించారు.

రంగస్థలి
శ్రీదేవి మాట వచ్చింది కనుక చెప్పాలి. బాలకృష్ణుడి వేషం ఆడపిల్లలకు ఇవ్వడం మూకీల నాటిదే. దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన కాళీయ మర్దన్‌లో కృష్ణుడు ఆయన కూతురు మందాకిని. మన తెలుగులో 1935 నాటి శ్రీకృష్ణ లీలలులో మాత్రం కృష్ణుడు మగపిల్లవాడే, సాలూరి రాజేశ్వరరావు. కంసుడు వేమూరి గగ్గయ్య. ఆ పిల్లవాడే పెద్దయి సంగీత దర్శకుడై 1967 భక్త ప్రహ్లాదకు పాటలు కట్టాడు. పసితనంలో కృష్ణుడై పాడినవాడికి, ఒక పసిపాత్ర గొంతులో ఏ స్వరం నిలుస్తుందో వేరే చెప్పనక్కర లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే, 1936లో సి. పుల్లయ్య పిల్లలచేతనే సతీ అనసూయ తీశారు. అనసూయగా వేసిన బాలిక సి. కృష్ణవేణి. అనసూయ కథలో త్రిమూర్తులు ముగ్గురూ పసిపాపలైపోతారు. దేవుళ్ల బాల్యం కావాలంటే ఇంతకంటే నేరుగా ఏముంటుంది? సృష్టి, స్థితి, లయలు ఒక తల్లి ఉయ్యాలలో ఊగే కథ అది. ఇప్పటి పిల్లలకోసం ఎవరైనా మళ్లీ తీస్తే బాగుంటుందని నా చిరకాల కోరిక.

తరగతి_గది
బడిలో చూపించిన అనుభవం చెబుతాను. 1997లో గుణశేఖర్ దర్శకత్వంలో వచ్చిన రామాయణంలో పాత్రధారులందరూ పిల్లలే, రాముడు జూనియర్ ఎన్టీఆర్. ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది. కథ ప్రకారం అది రాముడి బాల్యం ఒక్కటే కాదు, రావణ వధ దాకా ఉంటుంది. అయినా రెండో తరగతి పిల్లలు భయపడలేదు, ఎందుకంటే రావణుడూ కుంభకర్ణుడూ కూడా వాళ్ల అన్నల వయసువాళ్లే. మీసం పెట్టుకున్న పిల్లవాడు గర్జిస్తే భయం రాదు, అలాగని వెక్కిరింతగానూ ఉండదు, ఎందుకంటే ఆ పిల్లలు మనసుపెట్టి చేశారు. యుద్ధం చూస్తూ ఒక పిల్లవాడు "వాళ్లకి నిజంగా దెబ్బ తగల్లేదు కదా టీచర్?" అని అడిగాడు. లేదన్నాక మళ్లీ హాయిగా చూశాడు. వానరసేన వచ్చినప్పుడు తరగతిలో జరిగిన గోల ఇక్కడ రాయలేను.

ఇద్దరి_నాన్న
తరగతి_గది గారి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. మా ఇంట్లో పిల్లలు తమంతట తాము మళ్లీ అడిగి పెట్టించుకున్న పాత సినిమా అదొక్కటే. లవకుశ కూడా ప్రయత్నించాం. 1963లో అది తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల చిత్రమని, ఘంటసాల సంగీతమని నాకు ఎంతో మక్కువ, కానీ మూడు గంటలు దాటిన సినిమాలో చిన్నది సగంలోనే నిద్రపోయింది.

పాత_రీళ్లు
లవకుశను ఒకే విడతలో చూపించడమే పొరపాటు. కుశలవులు వాల్మీకి ఆశ్రమంలో పెరిగే భాగం, రామకథ గానం చేసే భాగం, అశ్వమేధ గుర్రాన్ని పట్టుకునే భాగం విడివిడిగా మూడు సాయంత్రాలు చూపించండి. లీల, సుశీల పాడిన పాటలు వింటూ పిల్లలు తామే పాడడం మొదలుపెడతారు. సీత భూమిలోకి వెళ్లే చివరిభాగం పెద్దయ్యాక చూస్తారు.

అంజనీసుత
హనుమంతుడి బాల్యం గురించి ఎవరూ అనలేదు. 2005లో హనుమాన్ పేరుతో యానిమేషన్ సినిమా వచ్చింది, మా అన్నయ్య పిల్లలు దానితోనే పెరిగారు. సూర్యుణ్ని పండనుకుని ఎగిరే ఘట్టం ఏ పిల్లవాడికైనా నచ్చుతుంది. అయితే చాలామంది కథకులు ఇంద్రుడి వజ్రాయుధం దగ్గర తొందరపడతారు. రామాయణం ఉత్తరకాండలో ఆ తరువాతి భాగమే గుండెను పట్టుకుంటుంది. దెబ్బతిన్న బిడ్డను ఒళ్లో వేసుకుని వాయుదేవుడు కదలకుండా కూర్చుంటాడు, లోకమంతా ఊపిరాడక అల్లాడుతుంది. బ్రహ్మ వచ్చి చేత్తో నిమిరాక పిల్లవాడు లేస్తాడు, అప్పుడు గాలి మళ్లీ వీస్తుంది. బిడ్డకు దెబ్బ తగిలితే ప్రపంచం ఆగిపోయే తండ్రిని చూపించడం కంటే పిల్లలకు భరోసా ఏముంటుంది? ఇద్దరి_నాన్న గారి అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఈ కథే జవాబు.

ఇద్దరి_నాన్న
ఈ మాట నాకు చాలా నచ్చింది. మావాడికి ఇప్పుడు చెప్పినా ఆలస్యం కాలేదు.

కొత్తతెర
అందరూ పాతవాటినే మెచ్చుకుంటున్నారు, నేను కొంచెం భిన్నంగా చెబుతాను. 2025 జూలైలో వచ్చిన మహావతార్ నరసింహ యానిమేషన్ చిత్రాన్ని థియేటర్‌లో మా పదకొండేళ్ల మేనల్లుడితో చూశాను. పిల్లలూ తాతలూ ఒకే వరుసలో కూర్చుని చూస్తున్న హాలు చూసి చాలా కాలమైంది. ప్రహ్లాదుడి అమాయకత్వాన్ని నిదానంగానే చూపించారు. చివరి ఉగ్రరూపం మాత్రం చిన్నవాళ్లకు ఎక్కువే, ఐదేళ్లవాళ్లకు చూపించమని నేనూ అనను. కానీ యుద్ధం ఉన్నంత మాత్రాన భక్తి లేదనడం న్యాయం కాదు. పదేళ్లు దాటిన పిల్లలకు ఆ ఉగ్రరూపమే దేవుడు తమ పక్షాన ఉన్నాడన్న నమ్మకం ఇస్తుంది.

పాత_రీళ్లు
కొత్తతెర గారు, నరసింహుడు ఉగ్రంగా ఉండడంలో నాకూ అభ్యంతరం లేదు. స్తంభం పగిలేముందు తండ్రీకొడుకుల మధ్య జరిగే మాటలకు ఎంత సమయం ఇచ్చారన్నదే నేను చూసే కొలత. పోతన పద్యం పిల్లవాడి నోటి నుంచి నిలకడగా రావాలి.

కొత్తతెర
ఆ కొలతతో చూసినా అది తట్టుకుంటుందనే నా నమ్మకం. చూసి చెప్పండి.

సెన్సారు_చీటీ
సర్టిఫికెట్ చూసే అలవాటు చేసుకుంటే సగం ఇబ్బంది తప్పుతుంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక, పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగిన యు/ఏ వర్గాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. పెద్దలకు మాత్రమే అనే "ఎ" సర్టిఫికెట్ సినిమాలకు ఆపినట్టు ఇందులో పిల్లలను హాలు గుమ్మం దగ్గర ఆపరు, ఈ అంకెలు తల్లిదండ్రులు తమంతట తాము నిర్ణయించుకోవడానికే. పురాణ సినిమా అనగానే పిల్లలదేనని తీసుకుపోయేవాళ్లు పోస్టర్ మూలన ఉన్న ఆ అంకె చూడరు.

మల్లెపందిరి
పాత సినిమాలకు ఆ అంకెలు ఉండవు కదా, వాటికి పెద్దలే ముందు ఒకసారి చూసుకోవాలి.

గరికపూజ
ఒక సందేహం. మా నాలుగేళ్ల బాబుకు వినాయకుడంటే పిచ్చి. బాలగణపతి సినిమా ఏది పెట్టినా మొదట్లోనే తల నరికే సన్నివేశం వస్తుంది. "వాళ్ల నాన్నే ఎందుకు కొట్టాడు?" అని ఏడుస్తాడు. అది దాటించి చూపించడం తప్పా? మా ఆయన కథను దాచకూడదంటారు.

భాగవత_ప్రియ
దాటించడం తప్పని నేననుకోను, కానీ కథను మొత్తంగా చెబితే దాటించవలసిన అవసరం తగ్గుతుంది. మనం చవితినాడు చదువుకునే వ్రతకథలో మొదలు గజాసురుడి దగ్గర ఉంది. శివుడు అతని కడుపులో ఉండిపోతాడు, విష్ణువు గంగిరెద్దులవాడై వచ్చి విడిపిస్తాడు, చనిపోయే ముందు గజాసురుడు తన తల లోకమంతా పూజించేలా చేయమని కోరతాడు. అంటే ఆ ఏనుగు తల ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి వచ్చింది. ఇటు పార్వతి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసి వాకిట్లో నిలబెడుతుంది. ఆ పిల్లవాడెవరో శివుడికి తెలియదు, శివుడెవరో పిల్లవాడికి తెలియదు. తెలిశాక తండ్రి పడ్డ దుఃఖం కూడా చెప్పాలి. చాలా సినిమాలు గజాసురుణ్ని పూర్తిగా వదిలేసి, కోపం నుంచి నేరుగా కత్తిలోకి వెళ్తాయి. 1979 నాటి శ్రీ వినాయక విజయం లాంటి పాత చిత్రాలను కూడా ఈ దృష్టితో ముందు మీరు చూసుకుని, ఏ భాగం చూపాలో నిర్ణయించుకోండి.

తరగతి_గది
నా అనుభవంలో నాలుగేళ్లవాళ్లకు గణాధిపత్యం కథ ముందు చెప్పాలి. కుమారస్వామి నెమలి మీద లోకమంతా తిరిగి వచ్చేలోపు వినాయకుడు అమ్మానాన్నల చుట్టూ ప్రదక్షిణ చేయడం. అమ్మానాన్నల మధ్య క్షేమంగా ఉన్న వినాయకుణ్ని ఒకసారి చూశాక, పుట్టుక కథ విన్నా అంతగా బెంగపడరు. వరుస మార్చడం దాచడం కాదు.

గరికపూజ
వరుస మార్చడమన్న ఆలోచన మాకు తట్టలేదు. ఇంట్లో ఇద్దరికీ సమ్మతమే అవుతుంది.

మల్లెపందిరి
దేవుళ్ల పేర్లు పెట్టి కొత్త కథలు అల్లే కార్టూన్ల గురించి మీ అభిప్రాయం? ఛోటా భీమ్‌కు మహాభారతంలోని భీముడితో పేరూ, బలమూ, తిండీ తప్ప ఏ సంబంధమూ లేదు.

చిత్తరువు
ఛోటా భీమ్ తాను పురాణమని ఎప్పుడూ చెప్పుకోలేదు, అది ఢోలక్‌పూర్ పిల్లవాడి కథ. నాకు అభ్యంతరం కలిగేది పురాణమని చెప్పుకుంటూ బాలదేవుణ్ని గుద్దులాటల వీరుడిగా మార్చినప్పుడు. చిన్ని కృష్ణుడు మన్ను తిని నోరు తెరిస్తే యశోదకు విశ్వమంతా కనిపించింది. మరుక్షణం ఆవిడ అంతా మరిచిపోయి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. నోట్లో గ్రహాలూ నక్షత్రాలూ కంప్యూటర్‌తో చూపించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఆవిడ మరిచిపోయే ఆ క్షణాన్ని బొమ్మల్లో తేగలిగినవాడే నా దృష్టిలో గొప్ప యానిమేటర్, ఆ పని చేసే అవకాశం రావాలని నేను రోజూ కోరుకుంటాను.

వెన్నెల_వాకిలి
ఇందరు ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. ముందు 1997 రామాయణంతో మొదలుపెడతాం. మా అత్తగారు పక్కన కూర్చుని చెబుతానన్నారు, అవసరమైనచోట సినిమా ఆపుతాం. ఆవిడ కథ చెప్పేటప్పుడు పిల్ల ముఖం చూస్తూ గొంతు పెంచుతారు, తగ్గిస్తారు, తెర ఆ పని చేయలేదు కదా. ఒక్క ప్రశ్న మిగిలింది. ధ్రువుడి కథ మీద పిల్లలతో తీసిన సినిమా ఏదైనా ఉందా?

రంగస్థలి
ఉంది. భానుమతీ రామకృష్ణ పిల్లలతోనే భక్త ధ్రువ మార్కండేయ తీశారు, 1982లో వచ్చింది. ధ్రువుడు తపస్సుకు బయలుదేరినప్పుడు ఐదేళ్లవాడు, మీ అమ్మాయి ఈడే. మార్కండేయుడి భాగంలో యముడు పాశంతో వస్తాడు కనుక దాన్ని ఇంకో రెండేళ్లు ఆపి, ముందు ధ్రువుడి కథ చూపించండి.

ఇద్దరి_నాన్న
ధ్రువుణ్ని సవతితల్లి తండ్రి ఒళ్లోంచి దింపే ఘట్టం దగ్గర మాత్రం సినిమా ఆపి పిల్లను దగ్గరకు తీసుకోండి, మా చిన్నది అక్కడే ఏడ్చింది.